ఖాళీ మిక్సీతో జపాన్ పాఠాలు

పొద్దున ఆరుంబావుకు మా ఇంట్లో మిక్సీ మొదలయ్యేది. జార్‌లో ఏమీ ఉండేది కాదు. ఆ రోజుల్లో చదువుకు నిశ్శబ్దం కావాలని ఎవరైనా అంటే మా చిన్నాయన నవ్వేవాడు. ఆయన నవ్వితే పక్కింట్లో కూడా వినబడేది కాబట్టి మేమెవరం ఎక్కువగా అనేవాళ్లం కాదు.

నాన్నది కాజీపేటలో రైల్వే ఉద్యోగం. నాచారంలో యంత్రాల విడిభాగాలు చేసే కంపెనీలో, డిజైన్ విభాగంలో నాకు పని దొరికాక ఉప్పల్‌లో చిన్నాయన ఇంట్లో ఉండిపోయాను. కంపెనీకి జపాన్ వాళ్లతో పని. మా విభాగం నుంచి ఒకరిని శిక్షణకు అక్కడికి పంపుతామనీ, జపనీస్ పరీక్షలో నాలుగో స్థాయి పాసైనవాళ్లకే ఆ అవకాశమనీ ఒకరోజు చెప్పారు. నాకు వెళ్లాలని ఉండేది. పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడేంతగా ఉండేది. అక్షరాలూ వ్యాకరణమూ ఎలాగో నేర్చుకున్నాను. భయమంతా వినికిడి భాగం మీద. రికార్డింగులో ఆఫీసువాళ్లు ఇద్దరు, ఒకాయనా ఒకామే, మాట్లాడుకుంటారు, ఆమె ముందుగా ఏ పని చేస్తుందో మనం గుర్తించాలి. (ఒక పని అనుకుంటారు, వద్దనుకుంటారు, ఇంకోటి అనుకుంటారు. మన ఆఫీసుల్లాగే.) ఆ సంభాషణ ఒక్కసారే వేస్తారు. ఈ ఒక్కసారి సంగతి నేను చిన్నాయన ముందు అనకుండా ఉండాల్సింది.

చిన్నాయన ఉద్యోగ జీవితమంతా నాచారంలోనే, రేకులు వంచే ప్రెస్సు దగ్గర గడిచింది. రిటైరైనా గొంతు మాత్రం ప్రెస్సు దగ్గరే ఉండిపోయింది. ఉప్పు అడిగినా కేకే. ఆయన ఎడమ చేతి చూపుడువేలు మిగతావాటికంటే పొట్టి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే గానీ, కారణం చెప్పింది మాత్రం ఆ రోజే.

"ఆపు అని ఒక్కసారే అన్నడు బిడ్డా, మా ఫోర్‌మన్. రెండోసారి అనలే. సప్పుడుల నాకు ఇనరాలే," అని వేలు చూపించాడు. "నీ పరీక్ష గూడ గంతే గదా. సప్పుడుల ఇన్నోనికి యాడైనా ఇనొస్తది. రేపటి సంది నేను నేర్పిస్త."

ఆయనకు జపనీస్ రాదు. అది అడ్డమని ఆయన అనుకోలేదు. మర్నాటి నుంచి ఆ సంభాషణలు వినిపించే నా ఫోను వంటింటి గట్టు మీద, నేను పీట మీద, చిన్నాయన మిక్సీ దగ్గర. ఖాళీగా తిప్పితే మోటారు కాలుతుందని చిన్నమ్మ గొడవ చేస్తే అందులో పల్లీలు వేయడం మొదలుపెట్టాడు. దాంతో రోజూ పల్లీ చట్నీ. ఇడ్లీలోకీ అదే, అన్నంలోకీ అదే, ఆఫీసు డబ్బాలోనూ అదే.

"గీ పిల్ల జపాన్ పోతదో పోదో గని, మనం చట్నీల దుకాణం పెట్టొచ్చు," అంది చిన్నమ్మ. వారం తిరక్కుండానే, మోటారు కాలితే కాలిందని ఆవిడే జార్ ఖాళీగా పెట్టమంది.

పాఠం అయ్యాక పరీక్ష ఉండేది. "ఏమన్నరు? ఆమె ముందుగాల ఏం జేస్తది?"

"కాగితాలు కాపీలు తీస్తది, చిన్నాయనా."

"మల్ల చాయ్ ఎవలు పెడ్తరు?"

"చాయ్ మాటే రాలేదు."

"చాయ్ లేకుండ మీటింగేందే? సరిగ్గ ఇను, మల్ల పెడ్త." (ఒక్కసారే వేయాలన్న నియమం ఆయనకు అలాంటప్పుడు గుర్తుండేది కాదు.) ఆ జపాన్ మనుషుల మీద ఆయనకు ఇంకో ఫిర్యాదు కూడా ఉండేది. "గింత మెల్లగ మాట్లాడుకుంటే పనెట్లైతది వీళ్లకు?"

ఆదివారాలు ఉప్పల్ రింగురోడ్డుకు తీసుకెళ్లేవాడు. వరంగల్ బస్సులు ఆగేచోట నన్ను నిలబెట్టి, ఫోను నా చెవి దగ్గర తనే పట్టుకునేవాడు. మేడిపల్లి, ఘట్‌కేసర్ అని అరుస్తున్న కండక్టర్ ఒకాయన అరుపు ఆపి, "ఏం పాటనే పెద్దాయనా?" అన్నాడు.

"పాట గాదు, జపాన్. నువ్వు ఆపకు, అరువు," అన్నాడు చిన్నాయన.

నవ్వులాటలా ఉంది గానీ, చలికాలం వచ్చేసరికి నాకు నిజంగానే వినబడసాగింది. మిక్సీ, కుక్కరు, టీవీలో వార్తల కొట్లాట, వాటన్నిటి కిందా సన్నగా ఆ ఇద్దరి మాటలు. ఆమె ఏం చేస్తుందో తెలిసిపోయేది.

పరీక్ష డిసెంబరులో, ఒక కాలేజీలో. చిన్నాయన స్కూటరు మీద దింపాడు. ప్రహరీ అవతల ఖాళీ స్థలంలో బోరు వేస్తున్నారు. మొదటి రెండు భాగాలూ ఆ మోతలోనే రాశాం. హాల్లో అందరూ నుదురు పట్టుకుంటున్నారు, పర్యవేక్షణకు వచ్చినావిడ కిటికీలు ఒక్కొక్కటే మూయిస్తోంది. నేను మాత్రం కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. ఆ మోతలో వినికిడి భాగం వస్తే ఈ హాల్లో పాసయ్యేది నేనొక్కదాన్నేనని లెక్క వేసుకున్నాను. (అంతగా మళ్లీ ఎప్పుడూ గర్వపడలేదు.)

విరామం అయింది. అందరం మళ్లీ కూర్చున్నాం. స్పీకర్ బరబరమంది. సరిగ్గా అప్పుడు బోరు ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం నేను నెలల తరబడి వినలేదు. ఫ్యాను తిరగడం వినబడింది. ముందు కుర్చీలో అబ్బాయి గుటక వేయడం వినబడింది. ఆ ఇద్దరి మాటలు ప్రతి అక్షరమూ వినబడ్డాయి. అర్థం మాత్రం రాలేదు. మోత మళ్లీ ఎప్పుడు మొదలవుతుందా అని నా చెవి గోడ అవతలే ఉండిపోయింది. ఒక ప్రశ్న పోయింది, ఇంకోటి పోయింది. కాపీలు ఎవరు తీశారో, చాయ్ ఎవరు పెట్టారో నాకు తెలియలేదు.

బయటికి వస్తే గేటు దగ్గర చిన్నాయన. నెత్తి నుంచి చెప్పుల దాకా బోరు దుమ్ము.

"ఆపిచ్చిన బిడ్డా!" అన్నాడు. "మా బిడ్డకు జపాన్ పరీక్ష, జర ఆపుమంటే బోరోడు ఇనడాయె. ఇగ నేనే పోయి బోరు లారీ ముంగట కూసున్న. జూసి జూసి వాడే దిగిండు. చాయ్ తాపిచ్చి మాటల్ల పెట్టిన. మంచిగ ఇనొచ్చిందా?"

"సప్పుడు ఉండాలంటివి గదా, చిన్నాయనా?"

"అది నేర్చుకునేటందుకు. అసలు దినం నాడు గూడ నీకెందుకు కష్టం?"

"మంచిగ ఇనొచ్చింది," అన్నాను. అది అబద్ధం కాదు.

జనవరిలో ఫలితాలు వచ్చాయి. మిగతావన్నీ గట్టెక్కాయి, వినికిడి భాగంలో పోయింది. ఆ ఒక్కటి పోతే మొత్తం పోయినట్టే. అవకాశం మా విభాగంలోనే ఇంకొకతనికి వెళ్లింది. చిన్నాయన రెండు రోజులు మెల్లగా మాట్లాడాడు. ఇంట్లో అది అందరికీ భయం కలిగించింది. మూడో రోజు పొద్దున నన్ను వంటింట్లోకి పిలిచాడు.

"తప్పు నాదే బిడ్డా. సప్పుడు సాలలే. ఈపారి గ్రైండర్ గూడ ఏద్దాం."

గ్రైండర్ కూడా వేశాం. పెసలు నానబెట్టడం ఆయనే నేర్చుకున్నాడు. హాల్లో ఏం జరిగిందో చెబుదామని ఒకటి రెండు సార్లు అనుకున్నాను. ఆ మోతలో చెప్పాలంటే అరవాలి. అరిచి చెప్పే మాట కాదది.

మేలో ఛాతీ బరువుగా ఉందని తనే స్కూటరు నడుపుకుంటూ దవాఖానాకు పోయాడు. నాలుగో రోజు స్కూటరును నాన్న తెచ్చాడు.

ఆ తర్వాత చిన్నమ్మ చాన్నాళ్లు టీవీ పెట్టలేదు. కుక్కరు బదులు గిన్నెలో అన్నం వార్చేది, ఇద్దరికి అది చాలంటూ. జులై పరీక్ష నేను రాయలేదు. డిసెంబరులో రాసి పాసయ్యాను. ఈసారి సాధన అంతా నిశ్శబ్దంలోనే జరిగింది. దానికోసం నేనేమీ ఏర్పాటు చేసుకోలేదు.

జపాన్ నేను ఇంతవరకూ చూడలేదు. అక్కడి నుంచి ఫోన్లు వస్తే ఆఫీసులో నన్నే మాట్లాడమంటారు. ఫోను మోగగానే నేను లేచి నాచారం రోడ్డు వైపు కిటికీ తెరుస్తాను. లారీలూ, వెనక వర్క్‌షాపుల సుత్తి దెబ్బలూ లోపలికి వస్తాయి. కొత్తగా చేరిన అమ్మాయి కంగారుగా మూయబోతుంది. ఉండనీ, నాకు అలాగైతేనే వినొస్తుందంటాను. ఆ అమ్మాయి నన్ను ఎలా చూస్తుందో తెలుసు. ఆ వయసులో నేనూ పీట మీద కూర్చుని ఒకాయన్ను అలాగే చూసేదాన్ని.

ఉప్పల్ ఇంట్లో చిన్నమ్మా నేనూ ఉంటున్నాం. మిక్సీ అదే. ఖాళీగా దాన్ని ఇప్పుడెవరూ తిప్పరు.