రెండు దెబ్బల చీర

పులికాటు సరస్సు మీద గాలికి దారి దొరక్కుండా చేసిన మనిషి చరిత్రలో ఒక్కడే. పేరు క్రీస్తుదాసు. ఆయన నేసిన చీర ఒకదాన్ని జాలరి పోలేరయ్య తన పడవకు తెరచాపగా ఎత్తితే, ఒక్క పోగు సందులోంచైనా గాలి అవతలికి పోలేక, పడవ ఇరకం దీవిని పక్కన పెట్టేసి, అరవ ఊళ్ల రేవు చేరి, అక్కడా ఆగకుండా ఒడ్డెక్కి ఇసుకలో ఇరవై బారలు నడిచింది. పడవ నడిచిన గాడి ఇప్పటికీ ఉందని చెప్పేవాళ్లు చాలామంది. చూసినవాళ్లు కొంచెం తక్కువ.

ఆ చీర కథంతా క్రీస్తుదాసు కుడిభుజంలో మొదలైంది.

పంతొమ్మిది వందల అరవై ఒకటి వేసవికి ఆయనకు యాభై రెండేళ్లు. దొరవారిసత్రానికి తూర్పున, సరస్సుకు కోసెడు దూరంలో, చర్చి వెనక ఇల్లు. ఇంట్లో సగం మనుషులకు, సగం మగ్గానికి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ముప్పై ఏడేళ్లుగా ఆయన నేసింది ఒకటే రకం, జాలరి పాలెం ఆడవాళ్లు కట్టే ముతక చీర. ఆ చీరను మోకాళ్ల పైకి బిగించి నీళ్లలో దిగుతారు. తడి గంపలు దాని మీదే ఆనుతాయి. రొయ్యల ముళ్లు దాన్నే గీరుతాయి. అందుకని దారం మోసే నాడె ఒకసారి ఈ పక్క నుంచి ఆ పక్కకు దాటగానే పన్నెను రెండుసార్లు లాగి కొట్టాలి. నిలువు పోగులైన పడుగు దారాలన్నీ దూరి ఉండే పెద్ద దువ్వెన లాంటిదే పన్నె. అది వచ్చి తగిలితేనే అడ్డంగా పోయిన పేక దారం ముందు దారాన్ని ఆనుకుంటుంది. మొదటి దెబ్బ చీర కోసం, రెండోది ఉప్పునీళ్ల కోసం అని నేర్పి వాళ్ల నాన్న కన్ను మూశాడు.

ఆ చెయ్యి అప్పటిదాకా కొట్టిన దెబ్బలన్నీ వరసపెట్టి మళ్లీ కొడితే నెల్లూరు నుంచి మద్రాసు దాకా కొత్తగా ఇంకో రైలు పట్టా పరిచేయొచ్చు. లెక్కల్లో రెండుసార్లు తప్పి బడి మానేసినవాడికి కూడా తేలిగ్గా తేలే లెక్క ఇది. అయితే పట్టాలు పరచిన భుజం పట్టాలు పరచిన భుజంలాగే ఉండేది. ఆదివారం ఆరాధనకు పోవాలంటే చొక్కా చెయ్యి పెళ్లాం రెబెక్కమ్మ తొడగాలి. పాటకు అందరూ లేస్తే ఆయన గోడ పట్టుకుని లేచేవాడు. తల గీరుకోవాలనిపిస్తే ఎడమచెయ్యి వచ్చేదాకా తల ఆగాల్సిందే.

ఆ ఏడు చేనేత సంఘంలో నూలు ఇచ్చే గంగాధరం ఒక మాట అన్నాడు.

"క్రీస్తుదాసూ, ముతక చీర ఎన్నాళ్లు నేస్తావయ్యా. వెంకటగిరి రకం సన్న చీర ఒకటి నమూనాకు నేసి తే. బాగుంటే ఇంక నీకు సన్న నూలే ఇస్తా."

"సన్న చీరకు దెబ్బ ఎట్టా అయ్యా?"

"ఒకటే. అదీ చంటిబిడ్డను జో కొట్టినట్టు."

ఇంటికి వచ్చేదాకా క్రీస్తుదాసు ఆ ఒక్క మాటే నములుతూ నడిచాడు. ఒకటే దెబ్బ. అంటే భుజానికి సగం పని. మిగిలిన ఆయుష్షులో సగం పని. పరలోకంలో కూడా అంతకన్నా సుఖం ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నూలు తూచి ఇస్తూ గంగాధరం హెచ్చరించాడు. "ఇది ఖరీదైన సరుకు. ఆరు గజాలకు ఎంత కావాలో అంతే ఇస్తా ఉండాను. పోయినేడు ఒకడు నూలు అమ్ముకొని చీర పొట్టిగా తెచ్చినాడు. వాడి పేరు కొట్టేసినాము. ఇంక వాడికి ముతక నూలు కూడా లేదు."

పడుగు మగ్గానికి ఎక్కింది. వెంట్రుకంత దారాలు, గాలి వస్తే వణుకుతున్నాయి. క్రీస్తుదాసు ఊపిరి బిగబట్టి నాడె వేసి, పన్నెను ఒక్కసారి మెల్లగా తాకించి వదిలాడు. మళ్లీ నాడె, మళ్లీ ఒకటే. జానెడు బట్ట వచ్చింది. ముక్కు కింద పెట్టి చూసుకుంటే అవతల తన వేళ్లు కనిపించాయి. నవ్వుకున్నాడు. ఆ నవ్వులోనే ఆయన ధ్యాస కాస్త పక్కకు పోయింది.

రాట్నం దగ్గర నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతున్న రెబెక్కమ్మ తల ఎత్తింది.

"ఏమయ్యా, రెండోది వినబడతా ఉండాది."

"లేదులేమే. నీ చెవికి అలవాటు."

"నా చెవికి అలవాటైతే నీ చేతికి కాదా?"

చూస్తే నిజమే. చివరి నాలుగు వేళ్ల బట్ట దట్టంగా, తెల్లగా బిగిసి ఉంది. విప్పుదామంటే సన్న దారం తెగుతుంది. వదిలేసి ముందుకు పోయాడు. రెబెక్కమ్మ రాట్నం వదిలేసి మగ్గం పక్కన కూర్చుంది. దెబ్బ పడగానే "చాలు" అనడం ఆమె పని. దెబ్బ, "చాలు", నాడె. దెబ్బ, "చాలు", నాడె. మొగుణ్ణి రోజుకు వెయ్యిసార్లు చాలు అని ఆపిన పెళ్లాం ఆ తాలూకాలో ఇంకొకతె లేదు. రెండు రోజులకు ఆమె గొంతు బొంగురుపోయింది. మూడో రోజు పొయ్యి మీద ఎసరు పొంగుతుంటే లేచింది. ఆమె గంజి వార్చి వచ్చేసరికి మగ్గం దాని పాత పాట అందుకుంది. టక్కు టక్కు. టక్కు టక్కు.

"నేను లేస్తే చాలు, మొదలు పెడతావు."

"నేను పెట్టలా. నాకు తెలవకుండానే పడతా ఉండాది."

ఆయన చేతి మణికట్టుకు తడి తువ్వాలు కట్టింది, బరువుకు నెమ్మదిస్తుందేమోనని. దెబ్బ ఇంకా బలంగా పడింది. ఎడమచేత్తో కొట్టి చూశాడు. బట్ట వంకర తిరిగింది. పదో రోజు మధ్యాహ్నం ఆఖరి కండె అయిపోయింది. ఇంకా ముప్పావు గజం పడుగు ఉత్తదే, మగ్గం మీద మెరుస్తూ మిగిలింది. దెబ్బ ఎక్కువైనచోటల్లా పేక ఎక్కువ మింగేసిందని ఇద్దరికీ తెలుసు.

"మన ముతక నూలు పెట్టి నింపేద్దాం," అంది రెబెక్కమ్మ. "లోపల దోపుకునే చెంగును ఎవరు చూస్తారు?"

"త్రాసు చూస్తాది. ముతక నూలు బరువెక్కువ."

"పొట్టిగా తీసకపోతే దొంగ అంటారయ్యా. ఉన్న నూలు కూడా పోతాది. ఏం తింటాం?"

క్రీస్తుదాసు కత్తి అందుకున్నాడు. నేయని పడుగుతో సహా చీరను మగ్గం నుంచి కోసి, దారాలు చిక్కుపడకుండా జడలా అల్లి మడత పెట్టాడు. అరవై నాలుగు కళలూ వచ్చినవాడు కూడా నేయని చీరకు జడ వేసి ఉండడు. తెల్లారి దాన్ని ఎడమ భుజాన వేసుకుని సంఘానికి నడిచాడు.

గంగాధరం గజం బద్దతో కొలిచాడు. అయిదు గజాలు, పైన జానెడు. మళ్లీ కొలిచాడు. నూలు కోసం వచ్చిన ఇద్దరు నేతగాళ్లు తలలు పక్కకు తిప్పుకున్నారు.

"మిగతా నూలు యాడికి పోయినాది?"

"తూచండయ్యా."

"నేను అడిగింది చెప్పు."

"అదే చెప్తా ఉండా. తూచండి."

గంగాధరం చీరను, జడతో సహా, త్రాసులో వేశాడు. గంజి బరువు తీసేశాడు, తరుగు కలిపాడు. ముల్లు నిలువుగా నిలబడింది. నమ్మకం లేక తక్కెడ పళ్లేలు మార్చి వేశాడు. ముల్లు అలాగే నిలబడింది. ఇచ్చిన నూలంతా అందులోనే ఉంది. అప్పుడు చీర విప్పి, వాకిలి వెలుతురుకు అడ్డంగా పట్టుకున్నాడు. మొదటి జానెడులో వీధి కనిపించింది. రెబెక్కమ్మ పక్కన కూర్చున్నచోట మసగ్గా కనిపించింది. తర్వాత వీధి లేదు.

"ఏందయ్యా క్రీస్తుదాసూ, చీర నేసినావా, తలుపు నేసినావా?"

నేతగాళ్లిద్దరూ నవ్వారు. క్రీస్తుదాసు నవ్వలేదు, కోప్పడనూ లేదు.

"ఒకటే కొట్టాలని కూర్చున్నా. చెయ్యి వినలా."

గంగాధరం చీరను మడతపెట్టాడు. గొంతు తగ్గించాడు. "దొంగవి కావులే. నీ పేరు ఉంటాది. సన్న నూలు మాత్రం ఇయ్యలేను. ఎండాకాలం దీన్ని కట్టుకున్న మనిషి ఉడికి చస్తాది. దీని ఖరీదు కింద సంఘానికి రెండు ముతక చీరలు నేసిచ్చి దీన్ని నువ్వే తీసకపో."

అట్లా సగం చేద్దామనుకున్న పని రెట్టింపైంది. ముతక నూలు మూట, పొట్టి చీర, రెండూ ఒకే భుజం మీద వేసుకుని ఆయన ఇంటికి నడిచాడు. దారిలో మూడుచోట్ల కూర్చున్నాడు. రెబెక్కమ్మ ఎదురొచ్చి మూట అందుకుంది. "పేరు ఉండాదా?" అని ఒక్క మాట అడిగింది. ఉందన్నాడు. మూట నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది.

ఆ వారమే జాలరి పాలెం నుంచి పోలేరయ్య పెళ్లాం కామమ్మ ఎండుచేపల గంపతో వచ్చింది. దండెం మీది చీరను వేళ్లతో నలిపి, లాగి, చెవి దగ్గర పెట్టి విదిల్చింది.

"ఇది నాకియ్యన్నా."

"పొట్టిది కామమ్మా. అయిదు గజాలే."

"నీళ్లలో దిగేదానికి కుచ్చిళ్లు ఎవరికి చూపించాల? చాల్లే."

రెబెక్కమ్మ కత్తెరతో ఆ జడ కోసి చీర ఆమె చేతిలో పెట్టింది. ఆ చీర నాలుగేళ్లు ఉప్పునీళ్లలో నానింది, చిరగలేదు. ఒక కార్తీకంలో సరస్సు మధ్యన వాన పట్టుకుంటే పడవలో నలుగురు దాని కింద దూరారు. ఒడ్డుకొచ్చి పోలేరయ్య కల్లంగడిలో ఆ సంగతి చెప్పాడు. మొదటి చెంబుకు చీర గొడుగైంది, రెండో చెంబుకు తెరచాపైంది. అరవై ఆరు వచ్చేసరికి పడవ ఒడ్డెక్కి నడవడం నేర్చింది.

ఆ ఏడు ముతక చీరలు తీసుకోవడానికి వచ్చిన గంగాధరం మగ్గం ఎదుట చతికిలబడి అడిగాడు.

"నీ చీర పడవను అరవ దేశం దాకా లాక్కపోయినాదంట గదా క్రీస్తుదాసూ?"

క్రీస్తుదాసు నాడె వేశాడు. పన్నెను లాగి ఒకటి కొట్టాడు. భుజం పట్టేస్తే కాస్త ఆగి రెండోది కొట్టాడు.

"తెరచాప ఎత్తలా. వానొస్తే కప్పుకున్నారు, అంతే. అదీ ఒక మూల కారినాదంట, నేను ఒకటే దెబ్బ కొట్టిన జానెడులో."