రుమైథియాలో సున్నా రీడింగు

1987 చివర్లో నన్ను కువైట్‌లోని రుమైథియా విద్యుత్ అత్యవసర కేంద్రంలో అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. ప్రభుత్వ లైన్ల మరమ్మతును గుత్తకు తీసుకున్న ఒక కంపెనీలో నేను ఉద్యోగిని. దాని పేరు రాయను. రాస్తే వాళ్ళకు ఊరికే ప్రచారం చేసినట్టవుతుంది.

పని తేలికగానే చెప్పవచ్చు. ఇంటికి కరెంటు పోతే ఫోను వస్తుంది, వ్యాను బయలుదేరుతుంది, లోపం ఎక్కడుందో పట్టుకుంటాం. వీధి మొదట్లో బీరువా అంత ఇనుప పెట్టె ఉంటుంది. ఫీడర్ పిల్లర్ అంటాం. సబ్‌స్టేషన్ నుంచి వచ్చిన పెద్ద కేబులు అందులో చీలి, ఇంటికొకటిగా చిన్న కేబుళ్ళై నేలలోకి దిగుతుంది. పెట్టెల తాళాలు మా దగ్గరే ఉండేవి.

నా పైఅధికారి డివిజనల్ ఇంజనీరు ప్రభాకరరావు. ఆయనది విజయవాడ, డిగ్రీ. నాది కడప, డిప్లొమా. ఈ తేడాను ఆయన మరిచిపోయిన రోజు లేదు, నన్ను మరిచిపోనిచ్చిన రోజూ లేదు. నేను చేరిన మొదటి వారంలోనే ఒక సంగతి జరిగింది. కరెంటు ఎంత పారుతోందో కొలిచే టాంగ్ టెస్టర్‌కు పట్టకారులాంటి నోరు ఉంటుంది. దాన్ని తెరిచి ఒక్క తీగ చుట్టూ మూస్తే సూది లేచి లోడు చూపిస్తుంది. కేబుల్లోని నాలుగు తీగల్నీ కలిపి పట్టుకుంటే మాత్రం, పోయే కరెంటూ తిరిగొచ్చే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సూది కదలదు. ఇల్లంతా వెలుగుతున్నా సున్నాయే. ఆ రోజు ఒక కొత్త కుర్రాడు కేబులు మొత్తాన్ని పట్టుకున్నాడు, నేను పక్కన నిలబడి "సున్నా" అని చదివాను. అంతే. ప్రభాకరరావు అందరి ముందూ నన్ను పట్టుకుని, "ఏవయ్యా సుబ్బరాయుడూ, నాలుగింటినీ కలిపి వాటేసుకుంటే సున్నా కాక మీ తాత పెళ్ళి ముహూర్తం కనపడుద్దా?" అన్నాడు. తెలుగు రాని డ్రైవర్లు కూడా నవ్వారు.

మీటరు పెట్టింది నేను కాదు. ఈ మాట అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

రెండో సంగతి అబూ యూసుఫ్‌ది. రుమైథియాలో పెద్ద ఇల్లు, విశ్రాంత ఉద్యోగి. కరెంటు పోయిందని ఆయనే ఫోను చేశాడు. మీటరు ముందు గేటు పక్కనే ఉంది కాబట్టి ముందు గేటులోంచే వెళ్ళాను. పనివాళ్ళు వంటింటి గేటులోంచి రావాలన్నాడు. మీటరు ఇక్కడుంటే అక్కడినుంచి ఎలా చూస్తానని అడిగాను. మర్యాద తెలియని మనిషినని మర్నాడు ఫిర్యాదు ఇచ్చాడు. ప్రభాకరరావు నన్ను వెంటబెట్టుకెళ్ళి, జూలై ఎండలో అదే గేటు ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించాడు. ఆ ఇంటి పనిమనిషి నాగమ్మ వంటింటి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. రాయచోటి వైపు మనిషి. మా కేబుల్ జాయింటర్ ఓబులేసుకు సొంత అక్క. మన ఊళ్ళవాళ్ళు చూస్తుండగా పడ్డ మాట మామూలు మాట కాదు.

1990 ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం వచ్చింది. అప్పుడు ప్రభాకరరావు సెలవు మీద విజయవాడలో ఉన్నాడు. కంపెనీ మేనేజర్లు చెప్పకుండా వెళ్ళిపోయారు. మనవాళ్ళు బస్సులెక్కి, బస్రా మీదుగా జోర్డాను చేరి, అక్కడినుంచి విమానాల్లో ఇళ్ళకు పోయారు. నేను పోలేదు. దేశభక్తి కాదు, ధైర్యమూ కాదు. ఆ కేంద్రం చార్జి నా పేరున ఉంది. పిల్లర్ తాళాలు, వ్యాను, పరికరాలు నా సంతకం మీద ఉన్నాయి. ఎవరికి అప్పగించాలని అడిగితే జవాబిచ్చేవాడు లేడు. రేపు ఒక్క తాళం తక్కువైనా ఆ తప్పు నా నెత్తినే రుద్దుతారని నాకు తెలుసు. ఓబులేసు తన అక్క కదలదు కాబట్టి కదలలేదు. ఆమె కదలకపోవడానికి కారణం ఆ ఇంటి మామా. అక్కడ పనివాళ్ళు యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని పిలుస్తారు. అబూ యూసుఫ్ భార్య మంచంలో ఉంది, ఎత్తి కూర్చోబెట్టడానికి కూడా ఇద్దరు కావాలి.

ఆ రోజుల్లో పేట జీవితం ఇలా ఉండేది. జనం ఒక రాత్రి వీధి పేర్ల బోర్డులు, ఇళ్ళ నంబర్లు పీకేశారు, సైనికులకు దారి తెలియకూడదని. చెత్త ఎత్తేది పేట కుర్రాళ్ళే, కాపలా కాసేదీ వాళ్ళే. పెద్ద వీధుల మలుపుల్లో సైనికుల తనిఖీ చౌకీలు వెలిశాయి. జమియాలో, అంటే పేట సహకార దుకాణంలో, రొట్టెల కోసం తెల్లవారకముందే వరుస మొదలయ్యేది. కరెంటు మాత్రం అందరికీ కావాలి, వచ్చినవాళ్ళకూ ఉన్నవాళ్ళకూ. అందుకని వ్యానులో తిరగడానికి ఇరాకీలే నాకు అనుమతి కాగితం ఇచ్చారు. ఆ కాగితం తర్వాత నా మెడకు చుట్టుకుంది.

అబూ యూసుఫ్ కొడుకు యూసుఫ్ పోలీసు. దొరికితే వదలరు. అందుకని కుటుంబం సరిహద్దు దాటి సౌదీ పోయిందని చుట్టుపక్కల చెప్పించి, గేటుకు బయటినుంచి తాళం వేయించి, అందరూ లోపలే ఉండిపోయారు. ఓబులేసు వరుసలో నిలబడి తెచ్చిన రొట్టెల్లో సగం వెనక గోడ మీదినుంచి అక్కకు అందించేవాడు. నాకు చెప్పలేదు. ఆ ఇంటితో నా గొడవ అతనికి తెలుసు.

సెప్టెంబరులో ఒక ఉదయం ఒక ములాజిమ్, అంటే లెఫ్టినెంటు, నలుగురు సైనికులతో మా కేంద్రానికి వచ్చాడు. ముందు రోజు పేటలో ఎవరో చౌకీ మీద కాల్పులు జరిపారు. ఖాళీ అని చెప్పిన ఇళ్ళలో మనుషులు దాక్కున్నారని అతని అనుమానం. ఒక్కో తలుపూ పగలగొట్టేంత మంది అతని దగ్గర లేరు. కానీ తెలివి ఉంది. ఖాళీ ఇంటికి కరెంటు ఎందుకు పారుతుంది? పిల్లర్లు తెరిచి, ఏ ఖాళీ ఇల్లు కరెంటు లాగుతోందో కొలిచి చూపించమన్నాడు. ఆ ఎండల్లో ఏసీ లేకుండా మంచంలో ఉన్న మనిషి బతకదు. ఏసీ ఉంటే సూది లేస్తుంది.

వ్యానులో పరికరాలు సర్దుతుంటే ఓబులేసు నా చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, మా యక్క ఆ ఇంట్లోనే ఉండాది. అందురూ ఆడనే ఉండారు. మీకు ఆయప్పంటే కోపమని నాకు తెల్సు. నేను మిమ్మల్ని ఏమీ అడిగేదానికి లేదు."

ఏమీ అడిగేదానికి లేదంటూనే చెయ్యి వదల్లేదు. అబూ యూసుఫ్ మీద నాకున్న కోపం తగ్గలేదని స్పష్టంగా రాస్తున్నాను, ఆ క్షణంలో కూడా. అయితే ఆ కోపం నాది. దాన్ని తీర్చిపెట్టమని ఇంకో దేశపు సైన్యానికి నేను అర్జీ పెట్టుకోలేదు.

మొదట సైనికులు మకాం పెట్టిన ఇంటి దగ్గర పరికరం పనిచేస్తోందో లేదో చూపించమన్నాడు ములాజిమ్. పిల్లర్ పైభాగంలో, ఫ్యూజుల దగ్గర కేబులు విడిపోయి నాలుగు తీగలు విడివిడిగా కనిపిస్తాయి. ఒక తీగ పట్టుకున్నాను. సూది ఎగిరింది. అతను తల ఊపాడు. అప్పుడు నాకు వచ్చిన కొద్దిపాటి అరబీలో చెప్పాను: ఒక్క తీగ ఇంట్లో కొంత భాగానిదే, ఇల్లంతా తెలియాలంటే కింద కేబులు మొత్తాన్ని పట్టుకోవాలి. పని తెలియనివాడికి ఇది న్యాయంగానే తోస్తుంది. ఇంకా శ్రద్ధగా చేస్తున్నట్టు కూడా కనిపిస్తుంది. అతను సంతోషించాడు. కానీ నా నోటి లెక్క మీద నమ్మకం లేక, సూది చదివే పని ఒక సైనికుడికి ఒప్పగించాడు. ఆ సైనికుడు తాను బస్రాలో ఇళ్ళకు వైరింగు చేసేవాణ్ణని పొద్దున మాచేత టీ పోయించుకుంటూ చెప్పి ఉన్నాడు. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

నిజంగా ఖాళీగా ఉన్న ఇళ్ళు ముందు వచ్చాయి. అక్కడ ఎలా పట్టుకున్నా సున్నాయే. సైనికుడు దూరం నుంచే చూసి "సిఫర్", అంటే సున్నా, అన్నాడు. తర్వాత అబూ యూసుఫ్ వీధి. మొదటి ఇల్లు ఆయనదే, పెట్టె ఆ గోడ పక్కనే ఉంది. వ్యాను దిగగానే చూశాను. గోడ వెనక ఏసీ నుంచి నీళ్ళు కారి, గోడ అడుగున నేల తడిసి ఉంది. ఓబులేసు పనిముట్ల సంచీ తెచ్చి ఆ తడి మీద పెట్టి, దాని పక్కనే నిలబడ్డాడు. పెట్టె తెరవడం ఆలస్యం చేస్తున్నాడని ములాజిమ్ అతన్ని చెంప మీద కొట్టాడు. ఓబులేసు తాళం తీశాడు గాని సంచీని కదపలేదు.

నేను కేబులు మొత్తాన్ని పట్టుకున్నాను. సూది కదల్లేదు. ఈసారి సైనికుడు దగ్గరికి వంగాడు. సూదిని కాదు, పట్టకారు నోటిని చూశాడు. తర్వాత సంచీ కింద తడిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"సిఫర్, సీదీ," అని వెనక్కి తిరిగి అధికారికి చెప్పాడు.

ములాజిమ్ పక్క పెట్టె వైపు నడిచాడు. సైనికుడు నాతో, నాకు అర్థమయ్యేలా నిదానంగా, "నీకు ఈ పని నేర్పినవాడు గాడిద," అన్నాడు. ప్రభాకరరావు విషయంలో మొదటిసారి నాతో ఏకీభవించిన మనిషి అతనే. పేరు అడగడానికి వీల్లేకపోయింది.

ఆ ఇంటి జోలికి తర్వాత ఎవరూ రాలేదు. ఫిబ్రవరి చివర్లో యుద్ధం ముగిసింది. యుద్ధంలో పోయిన కరెంటు తిరిగి వచ్చాక, ఏసీలతో గదులు చల్లబడ్డాక, ప్రభాకరరావు కూడా వచ్చాడు. అప్పటికి నా మీద ఫిర్యాదు సిద్ధంగా ఉంది. ఇచ్చింది అబూ యూసుఫ్. కిటికీ తడికల సందులోంచి ఆ రోజు చూశాడట. నేను సైనికులతో వచ్చాను, వాళ్ళకోసం పెట్టె తెరిచాను, కాబట్టి వాళ్ళ మనిషిని. ఆ రోజుల్లో ఆ మాటకు ఉద్యోగం పోవడం చిన్న శిక్ష. జైలు కూడా ఉంది.

నాగమ్మ సాక్ష్యం చెబుతానని కంపెనీ గేటు దాకా వచ్చింది. లోపలికి రానివ్వలేదు. "బాబాకు నేను చెప్పినా సార్," అంది నాతో. "మనం బతికుండేది ఆ సార్ వల్లనే అని చెప్పినా. నీకేం తెల్సు, వంట చూసుకో పో అనె."

విచారణలో ముగ్గురు కూర్చున్నారు, ముగ్గురూ కాగితాల పని చేసేవాళ్ళే. సైనికులతో వెళ్ళావా? వెళ్ళాను. పెట్టెలు తెరిచావా? తెరిచాను. వాళ్ళ కాగితం తీసుకున్నావా? తీసుకున్నాను. నాలుగు తీగల్నీ కలిపి పట్టుకున్నానని, కావాలనే పట్టుకున్నానని చెప్పాను. వాళ్ళకు అర్థం కాలేదు. ప్రభాకరరావు వైపు తిరిగి దీని అర్థం ఏమిటని అడిగారు.

ఆయనకు అర్థమైంది. ముఖం చూస్తేనే తెలిసింది. అయినా ఇలా అన్నాడు: ఇతనికి ఇది మొదటినుంచీ ఉన్న లోపం, చేరిన వారంలోనే నా కళ్ళారా చూసి దిద్దాను, పరికరం పట్టుకోవడమే రానివాడు శత్రువుకు ఏం సాయం చేయగలడు? ముగ్గురూ నవ్వారు. ఫిర్యాదు కొట్టేశారు. నా సర్వీసు ఫైల్లో "కొలత పరికరాల వాడకంలో శిక్షణ అవసరం" అని రాశారు.

బయటికి వచ్చాక ప్రభాకరరావు నా భుజం తట్టాడు. "బతికించానయ్యా నిన్ను. ఇంకోలా చెప్తే నమ్మేవాళ్ళా? టీ ఇప్పించు." నేను ఇప్పించలేదు. ఆయన చెప్పిన దానిలో నిజం ఉందేమోనని ఎవరైనా అనుకోవచ్చు. నేను అనుకోను. సాంకేతికంగా వివరించమని అడిగినప్పుడు సాంకేతికంగా వివరించడం ఇంజనీరు పని.

కొన్నాళ్ళకు నాగమ్మ ఖర్జూరం పెట్టె తెచ్చింది, అబూ యూసుఫ్ పంపాడని. ఫిర్యాదు తప్పని రాసి ఇచ్చాడా అని అడిగాను. లేదంది. పెట్టె తిరిగి పంపాను, వంటింటి గేటు దగ్గర కాదు, ముందు గేటు దగ్గరే పెట్టి రమ్మని చెప్పి.

సర్వీసు ఫైల్లోని ఆ వాక్యం తీసేయమని పదవీ విరమణ దాకా అర్జీలు పెట్టాను. తీయలేదు. ఇక పనికి సంబంధించి ఇందులో నేర్చుకున్నది ఒకటే, ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు అదే చెబుతాను. మీటరు సున్నా చూపిస్తే లోపల ఏమీ లేదని రాసుకోకండి. మొదట పట్టుకున్నవాణ్ణి అడగండి, ఎలా పట్టుకున్నావు, ఎందుకలా పట్టుకున్నావు అని. ఆ ములాజిమ్ అడగలేదు, అందువల్ల ఒక ఇల్లు బతికింది. విచారణలో ఆ ముగ్గురూ నన్ను అడగలేదు, ప్రభాకరరావును అడిగారు. నా ఫైల్లో ఆ వాక్యం ఇప్పటికీ ఉంది.