పడవకు కుట్టిన లంగా

మాది సిరిసిల్ల. నేను ఇంట్లో మిషన్ మీద లంగాలు కుడతాను. మా ఆయన దుబాయ్‌లో పడవల అడుగున పట్టిన పాచి గీకే పని చేసేవాడు. పోయినేడు తిరిగొచ్చి, బోయినపల్లి దగ్గర రిజర్వాయర్‌లో సొంతంగా మోటారు పడవ పెట్టాడు.

"గీకి గీకి రెక్కలు ఇరిగినయ్. నా పడవకు నేను గీక. ఎల్తురు తగలకుంటె పాచి పట్టది, ఏదన్న కుట్టు" అన్నాడు.

నాకు వచ్చింది లంగా ఒక్కటే. నల్ల పాలిస్టర్ గుడ్డతో పడవంత లంగా కుట్టి, నాడా ఎక్కించాను. పడవ నిలిపినప్పుడల్లా అడుగున చీకటి పడేలా అంచు చుట్టూ కట్టేవాళ్లం, కదిలించే ముందు విప్పేవాళ్లం.

మొదటి బేరం, పెళ్లికి ముందు ఫోటోలు దిగే జంట. వాళ్లతో ఫోటోగ్రాఫర్, సాయానికి నేను. మా ఆయన నల్లద్దాలు పెట్టుకున్న హుషారులో లంగా విప్పడం మరిచాడు. నడి నీళ్లలో అది మోటారు ఫ్యానుకు చుట్టుకుని పడవ ఆగిపోయింది. నాకు ఈత రాదు.

మోటారుతో కుస్తీ పడుతూ ఆయన, "ముందట నాడా ఇప్పవే" అని అరిచాడు.

"ముడి వడ్డది, అస్తలేదు."

"పండ్లతోని గుంజు."

అంచు మీద బోర్లా పడి, కాబోయే దంపతుల ముందే పడవ నాడా పళ్లతో విప్పాను. లంగా లాగేసి ఒడ్డుకు చేరాం. పడవ అడుగున మాత్రం పాచి లేదు.

ఒక ఫోటోలో వాళ్ల వెనకాల నాడా కొరుకుతూ నేనున్నాను. తీసేయమని బతిమాలితే పెళ్లికూతురు ఒప్పుకోలేదు.

"గన్ని ఫోటోలల్ల గాయిన నవ్వింది గిదొక్కటే అక్కా" అంది.

పెళ్లికొడుకు బిగుసుకున్న మొహం గుర్తుచేసుకుని, ఉండనీ అన్నాను.