దొర కోట మెట్లు

కోటలో పెళ్లి చేసుకుంటానని పట్టుబట్టింది నేనే. ఇక్కడి మలయ్ దేశంలో, బాతు గజా ఊరి దగ్గర, రబ్బరు తోటల మీద గడించిన ఒక స్కాట్లండ్ దొర కట్టించుకుంటూ, పూర్తికాకుండానే కన్నుమూసిన ఎర్ర ఇటుకల భవనం అది. ఇప్పుడు జనం టిక్కెట్టు కొని చూస్తారు. అనుమతి తెచ్చుకుంటే వేడుకలూ చేసుకోవచ్చు.

"మనూరు తెలుక్ ఇంటాన్‌లో గుడి నేదేటి?" అని విసుక్కున్నాడు నాన్న. ఆయన తల్లి, మా మామ్మ మాత్రం, "దొర ఇల్లా? అయితే నాను వొస్తాను," అంది.

మామ్మకి ఎనభై నాలుగేళ్లు. మోకాళ్లు అరిగిపోయి ఇంట్లోనే గోడ పట్టుకుని నడుస్తుంది. ఆమె కోసమే పందిరి మెట్లెక్కే పని లేకుండా పచ్చికలో వేయించాం.

పెళ్లి ఉదయం వాన కుండపోతగా కురిసింది. పందిరి గుడ్డ నీళ్లతో కిందికి సాగింది. అక్కడి అధికారిణి జాలిపడి మేడ మీద హాలు తెరిపించింది. చుట్టాలు పీటలు, దీపాలు పట్టుకుని పైకి పరుగెత్తారు. మామ్మ మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"కుర్చీలో కూకోబెట్టి మోసేస్తాంలే," అన్నాడు నాన్న.

"నానేటి, బియ్యం మూటనా? నన్నొగ్గేయ్. ఎక్కుతాను."

పైనుంచి పంతులు ముహూర్తం దాటిపోతోందని తమిళంలో కేకేశాడు. నేను పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కిందికి దిగాను. "మామ్మ రాకుండా తాళి కట్టించుకోను," అని అందరికీ వినబడేలా చెప్పి, ఆమె చెయ్యి పట్టుకున్నాను.

నాలుగు మెట్లెక్కి ఆగింది. రొప్పుతూనే చెప్పింది. "సుంగై సిపుట్ రబ్బరు తోటలో మా అమ్మకి జ్వరమొచ్చినాది. సెలవు అడగమని నన్ను దొర బంగళాకి పంపినాది. ముందువైపు మెట్లెక్కినాను. కూలోళ్ల మీద పెత్తనం సేసే కంగాణి జడట్టుకుని కిందికి లాగేసినాడు. కూలోళ్లు ఎనకనుంచి రావాలట. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు."

ఆ మాట నాన్నకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆయన వెనకాల వచ్చి, ఆమె పడకుండా రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

మెట్టుకోసారి ఆగుతూ ఎక్కాం. మధ్యలో ఆమె గోడకి ఆనుకుంది. "కూర్చుంటావా?" అన్నాను. తల అడ్డంగా ఊపి, నా మణికట్టు గాజులతో సహా బిగించి పట్టుకుంది. గాజు ఒకటి చిట్లింది. ఇద్దరం పట్టించుకోలేదు.

పైకి చేరేసరికి ముహూర్తం దాటిపోయింది. పంతులు గొణుక్కుంటూ పంచాంగం తిరగేసి, ఇంకో మంచి గడియ ఉందన్నాడు. మామ్మని నాకెదురుగా కిటికీ పక్కన కూర్చోబెట్టారు. తాళి కట్టగానే మొదటి అక్షింతలు ఆవిడే వేసింది.

భోజనాలయ్యాక వాన వెలిసింది. మామ్మ అధికారిణిని మలయ్‌లో ఏదో అడిగి, నా వైపు తిరిగింది.

"ఇంకా పైన డాబా ఉందట. పద."