బైబిల్లో రాసి ఉందని అమ్మ నమ్మిన మాట

మొన్న నారాయణఖేడ్ బస్టాండు ముందు ఆటో కోసం నిలబడి ఉంటే, కరెంటు స్తంభానికి కట్టిన కొత్త ఫ్లెక్సీ కనిపించింది. బైక్ ప్రమాదంలో పోయిన ఒక యువకుడి ఫోటో, చుట్టూ పూలదండ బొమ్మ, కింద ఎర్రటి అక్షరాల్లో "మంచివాళ్లను దేవుడు తొందరగా తీసుకుపోతాడు – బైబిల్" అని. ఫోటోలో అతను నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నవ్వుతున్నాడు. ఫ్లెక్సీ కట్టినవాళ్లు బైబిల్ తెరిచి చూసి ఉంటారని నేననుకోను. తెరవకుండానే ఆ మాట నమ్మి, యాభై ఏళ్లు దాని ప్రకారం బతికిన మనిషి ఈ ఊళ్లో ఒకామె ఉండేది. మా అమ్మే.

నాకు ఆరేళ్లప్పుడు మా అక్క పోయింది. తనకు పదకొండు. అక్క నిజంగానే మంచిది. చెల్లెలిగా ఈ మాట ఒప్పుకోవడం నాకు అంత ఇష్టం లేకపోయినా చెబుతున్నాను. తన జొన్నరొట్టెలో సగం నాకు పెట్టేది. నేను కుండ పగలగొడితే తను దెబ్బలు తినేది. అమ్మ కనబడినవాళ్లందరికీ అక్క గొప్పలు చెప్పుకునేది. ఒక వానాకాలం జ్వరం వచ్చి నాలుగో రోజుకు దవాఖానలో కన్నుమూసింది. అక్కడి నర్సు కోస్తా నుంచి వచ్చినావిడ, మెడలో సిలువ గొలుసు ఉండేది. నేల మీద పడి కొట్టుకుంటున్న అమ్మ తలను ఒళ్లో పెట్టుకుని, "ఊరుకోమ్మా, మంచివాళ్లనే దేవుడు తొందరగా పిలుచుకుంటాడు. బైబిల్లో రాసుంది" అన్నది. పాపం, ఓదార్పుకే అన్నది. అమ్మ ఏడుపు ఆపింది. తల తిప్పి నా వంక చూసింది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ రోజు నుంచి నేను చెడ్డదాన్నయిపోయాను. బడిలో సారు మెచ్చుకుంటే అమ్మ గేటు దగ్గరే అందుకునేది, "ఏం మంచిది సారూ, ఉత్త దొంగది." పదో తరగతిలో ఫస్ట్ క్లాసు వస్తే కాపీ కొట్టానని వాడంతా చెప్పింది. బోరంచ నల్లపోచమ్మ గుడికి తీసుకెళ్లి, అందరూ పిల్లల్ని చల్లగా చూడమని మొక్కుతుంటే, నా రెక్క పట్టుకుని ముందు నిలబెట్టి, "గిది మొండిది తల్లీ, నీకు అక్కరకు రాదు" అని విన్నవించుకుంది. పెళ్లిచూపుల్లోనైతే నాకు పని రాదని, నోరు పెద్దదని, పొద్దెక్కేదాకా పడుకుంటానని వరసగా చెప్పింది. నాన్న తల పట్టుకున్నాడు. కాబోయే అత్త మాత్రం, ఇంత నిజం చెప్పే ఇల్లు ఇంకోటి దొరకదని సంబంధం ఖాయం చేసుకుంది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు నేను పశువుల కొట్టంలో కూర్చుని ఏడ్చాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అమ్మ నన్ను మంచిదానివంటే చాలనిపించేది.

నాకు ఆడపిల్ల పుట్టినప్పుడు, అందరూ ముద్దుచేస్తుంటే అమ్మ తొంగి చూసి, "కాకిపిల్ల లెక్కున్నది" అన్నది. నేను మూడు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఆఖరికి తనే వచ్చి, గుమ్మంలో కూర్చుని, నర్సు అన్న మాట చెప్పింది. మనకూ బైబిలుకూ ఏం సంబంధమని అరిచాను. "ఎవల దేవుడైతేందే? రాసినంక రాసినట్టే" అన్నది. కాగితంలో ఒక్క పేరు తప్పు పడితే ఎన్నేళ్లు తహసీల్ ఆఫీసు చుట్టూ తిరగాలో తెలిసిన పట్టాదారు ఇల్లు మాది. రాతకు ఎదురుంటుందని ఆమె ఎలా నమ్ముతుంది?

మనూర్ బడిలో నాతో పనిచేసిన క్రైస్తవ టీచరమ్మను చాలా ఏళ్ల తర్వాత అడిగాను. ఆ మాట అట్లా ఎక్కడా లేదని ఆమె అన్నది. నా మొండితనం చూసి బైబిల్ తెచ్చింది, సెలవు రోజంతా ఇద్దరం వెతికాం. దగ్గరగా ఉన్నది ఒకటే దొరికింది. నీతిమంతులు చనిపోతుంటే ఎవరూ దాన్ని మనసులో పెట్టుకోరని బాధపడుతూ రాసిన మాట. రాబోయే కీడు చూడకుండా వాళ్లు కొనిపోబడతారని కూడా ఉంది. తొందరగా అని లేదు. పిల్లల ఊసే లేదు. మనసులో పెట్టుకోవడం తప్ప ఇంకేమీ చేయని మనిషి మా ఇంట్లో మంచం పట్టి ఉంది.

సాయంత్రం వెళ్లి అమ్మకు చెప్పాను. "రాసి లేదంటవు. లేదేమో. గని ఉన్నదో లేదో నిన్ను పెట్టి చూడాల్నా?" అన్నది. "మీ అక్కను ఊరంత మెచ్చుకున్న. ఇగ సాలు."

అమ్మ పోయి రెండేళ్లయింది. ఆ రోజు చెంచాతో నీళ్లు పోస్తుంటే కొన్ని చీర మీద ఒలికాయి. "చేతగానిది" అన్నది, కళ్లు తెరవకుండానే. అదే ఆఖరి మాట. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. మంచిదానివని ఆ ఒక్క మాట అని ఉంటే ఏం పోయేదని ఇప్పటికీ అనుకుంటాను. ఇప్పుడు నాకు యాభై ఎనిమిది. తిట్టే మనిషి లేదు. బడి పిల్లలు, వియ్యాలవారు, పక్కింటివాళ్లు, అందరూ నన్ను మంచిదానివనే అంటారు. విన్నప్పుడల్లా భయమేస్తుంది. తొందరగా పోయే వయసు నాకెప్పుడో దాటిపోయిందని, ప్రతిసారీ నాకు నేనే చెప్పుకుంటాను.