నర్సయ్య బావకు ఆ గరగర పడదు

నిన్న పొద్దున అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ లేడురా" అంది.

లేడంటే షాపుకు పోయాడనుకున్నాను. "గింత పొద్దుగాల షాపేందక్కా?" అని అడిగాను కూడా.

అటువైపు నుంచి ఏడుపు వినబడ్డాక గానీ నా బుర్రకెక్కలేదు.

మా నర్సయ్య బావ. కొత్తగూడెంలో కార్ ఏసీ మెకానిక్. తొంభైల్లో ఇద్దరం ఒకే రేకుల షెడ్డులో షాపు పెట్టుకున్నాం. వైరింగ్ పని నాది, ఏసీ పని ఆయనది.

ముందు రోజు సాయంత్రం నుంచి ఛాతీలో నొప్పి అట. అక్క దవాఖానాకు పోదామంటే "పొద్దున చూద్దాం తియ్" అన్నాడట.

ఒళ్లు మండిపోతోంది నాకు.

రోడ్డు మీద ఎవరి కారు ఏసీ కంప్రెసర్ గరగరమన్నా లూనా మోపెడ్ వేసుకుని వెంటపడే మనిషివి. నీ గుండె దగ్గరికి వచ్చేసరికి పొద్దున చూద్దామా బావా?

లూనా సంగతి నిజమే. ఒకసారి "ఏసీ బంద్ చెయ్యి, ఏసీ బంద్ చెయ్యి" అని అరుచుకుంటూ పాల్వంచ దాకా తరిమాడు. ఆ కారాయన దొంగనుకుని ఇంకా స్పీడ్ పెంచాడు.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, చేతులు జోడించిన బొమ్మలు. "గ్రేట్ మెకానిక్" అట. "మిస్ యూ అన్నా" అట.

బతికున్నప్పుడు ఒక్కరన్నా ఆ మాట అన్నారా? "మీ బావకు చాదస్తం, గ్యాస్ కొట్టమంటే గంట కూర్చోబెడతాడు" అని నా దగ్గరికొచ్చి చెప్పింది మీరే కదా? పేర్లు రాయను. మీకు తెలుసు.

ఆ చాదస్తం ఏమిటో తెలియని వాళ్ల కోసం చెప్తాను.

ఏసీలో గ్యాస్ లీకైతే దాంతో పాటు కంప్రెసర్ నూనె కూడా కొంత పోతుంది. గ్యాస్ ఒక్కటే మళ్లీ కొడితే కారు చల్లబడుతుంది, ఓనర్ సంతోషపడతాడు. లోపల కంప్రెసర్ మాత్రం ఎండిపోయి అరుగుతూ ఉంటుంది.

అందుకని బావ ముందు లీకు పట్టేవాడు. పోయినంత నూనె పోసేవాడు. దగ్గు మందు సీసా మూతతో కొలిచి మరీ. ఎక్కువ పోస్తే చల్లదనం తగ్గుతుందని ఒక్క చుక్క ఎక్కువ పడనిచ్చేవాడు కాదు. నూనె డబ్బా మూత తెరిచి పెడితే గాలిలో తేమ పీల్చుకుంటుందని తిట్లు. పచ్చడి జాడీ విషయంలో మా అక్క కూడా అంత గోల చేసేది కాదు.

ఓ ఎండాకాలం. బీడీ ఆకు సీజన్. భద్రాచలం వైపు ఆకు కాంట్రాక్టర్ ఒకాయన, కంప్రెసర్ గరగరమంటున్న కాంటెస్సా కారులో వచ్చాడు. ఆయన బండ్లన్నీ మా షాపుకే వచ్చేవి.

"నర్సయ్యా, జల్దీ గ్యాస్ కొట్టు. అడవిల ఆకు ఆరబెట్టే కల్లం కాడికి పోవాలె."

బావ బానెట్ ఎత్తి, పైపు జాయింట్ మీద వేలు పెట్టి రుద్దాడు. వేలికి నల్లటి జిగురు అంటుకుంది. మా ఊళ్లో బొగ్గు దుమ్ము అంతటా ఉంటుంది గానీ, నూనె కారిన చోట మాత్రం అలా పేరుకుంటుంది.

"నూనె గీడ కారిపోయింది దొరా. జాయింట్ మార్చి నూనె పొయ్యాలె. జర కూసో."

"నూనెందుకయ్యా? ఇంజన్ల ఉన్నది గదా. గ్యాస్ కొట్టు, చాలు."

బావ స్పానర్ తీసుకుని, ఏసీ అసలు తిరగకుండా కంప్రెసర్ బెల్ట్ ఊడదీశాడు. దాన్ని మెడలో దండలా వేసుకుని, టిఫిన్ డబ్బా విప్పి అన్నం తినడం మొదలుపెట్టాడు.

"అద్దాలు దింపుకొని పో దొరా. గాలి మంచిగొస్తది."

కాంట్రాక్టర్ బూతులు తిట్టుకుంటూ పోయాడు. మళ్లీ రాలేదు. ఆయన బండ్లు కూడా రాలేదు. ఆ సీజనంతా షెడ్డులో ఈగలు తోలుకున్నాం. ఆ కాంటెస్సా ఏమైందో మాకు తెలియదు. వేరే చోట గ్యాస్ కొట్టించుకుని హాయిగా తిరిగాడేమో కూడా.

నేను బావతో పెద్ద లొల్లి పెట్టుకున్నాను. ఒక్కటే అన్నాడు: "గా సప్పుడు ఇన్నంక నాకు అన్నం దిగదు బామ్మర్దీ." అంటూనే అన్నం తిన్నాడు. అదీ నాకు కోపమే.

ఇక నిన్నటి సంగతి.

మేనకోడలు పుణె నుంచి రావాలని బావను ఫ్రీజర్ బాక్స్‌లో పెట్టాం. స్విచ్ వేయగానే గరగర. ఆ చప్పుడు మా బావ తలకాయ దగ్గర మోగాలా?

బాక్స్ కిరాయికి తెచ్చిన అతన్ని పట్టుకున్నాను.

"మొన్ననే గ్యాస్ కొట్టించిన సారూ. మంచిగనే సల్లబడ్తది."

"మరి నూనె?"

"నూనెందుకు సారూ?"

చొక్కా పట్టుకున్నాను. అవును, నేనే. వేరే బాక్స్ తెమ్మన్నాను. చుట్టాలంతా నా మీద పడ్డారు. పీనుగు ముందర లొల్లేంది, సల్లగనే ఉన్నది గదా, ఒక్క రోజుకు ఏమైతది అని.

పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడకుండా గోడకు ఒరిగి కూర్చున్న అక్క అప్పుడు తలెత్తింది.

"మార్పియ్యి తమ్మీ. ఆయనకు గా సప్పుడు పడది."

బాక్స్ అతను ఫోన్ తీశాడు.

రెండో బాక్స్ వచ్చింది. బావ పనిముట్ల సంచిలోంచి ఆయన స్క్రూడ్రైవర్ తీశాను. దాని మొనను కంప్రెసర్ మీద, పిడిని చెవికి ఆనించి విన్నాను, ఆయన వినే పద్ధతిలోనే. జనం నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు. చూడనీ.

ఇవాళ మధ్యాహ్నం ఆయన్ను సాగనంపి వచ్చాం.

నా కోపం తగ్గలేదు బావా. నీ మీదా తగ్గలేదు.

కానీ ఆ రెండో బాక్స్‌లో గరగర లేదు. నేను విన్నాను.

ఇక నిమ్మళంగా పడుకో.