జానెడు తక్కువ పడవ

2024 నవంబరు 17, ఆదివారం, ఉదయం ఏడుంపావుకు మా తమ్ముడు మీర్‌పేట్ నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ కింద హారన్ కొట్టాడు. ఎల్బీనగర్‌లో పాత పడవలున్నాయని ఎవరో చెప్పారట. వాడు బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. చిన్నప్పుడు కృష్ణ ఒడ్డున మా మేనమామ ఊళ్లో తెడ్డు వేయడం నేర్చుకున్నాడు. చెయ్యి ఆడుతుండగానే నాగార్జునసాగర్ నీళ్లలో మళ్లీ పడవ నడపాలని వాడి ఆశ. వాడిది కిరాయి ఇల్లు. కారు అమ్మేశాక నా పార్కింగ్ ఖాళీగా ఉంది కనుక పడవ అక్కడే పెట్టాలి. నేను టేపు పట్టుకుని దిగాను.

మూతపడిన రిసార్టుల సామాను అమ్మే షెడ్డులో రెండు ఫైబర్ పడవలున్నాయి. ఒకటి వెడల్పుగా, అంచులు ఎత్తుగా, రెండు కొసల్లో మూసేసిన గాలి గదులతో ఉంది. రంగు మాత్రం వెలిసిపోయింది. రెండోది గాలి గదులు లేకుండా సన్నగా, తేలిగ్గా, కొత్తదానిలా మెరుస్తోంది. తమ్ముడు వెడల్పుదాని అడుగంతా వేళ్లతో తట్టి, చెవిపెట్టి విన్నాడు.

"అక్కా, గిదే. సాగర్ల గాలి లేస్తే అల ఇంతెత్తు వస్తది. నీళ్లు లోపలికొచ్చినా గిది మునగదు" అని మోకాలి పైదాకా చెయ్యి పెట్టి చూపించాడు.

నేను టేపు వేశాను. పెడితే పార్కింగ్ గీత దాటి జానెడు పక్కవాళ్ల వైపు వస్తుంది.

"స్కూటర్ చక్రం గీత మీద పెడితేనే ఆ పక్కింటావిడ అపార్ట్‌మెంటోళ్ల మీటింగు పెట్టించింది. సన్నదే తీస్కో" అన్నాను.

"పడవ కొంటున్నవా, బీరువా కొంటున్నవా?"

"పెట్టేది నా జాగల."

"రెండూ మంచివే మేడమ్" అన్నాడు షెడ్డతను.

తమ్ముడు వెడల్పు పడవ అంచు మీద నుంచి చెయ్యి తీశాడు. "సరే తియ్. నీ జాగ, నీ మాట" అన్నాడు. వాడు చేత్తో చూపించిన ఎత్తును నేను కొలవలేదు.

డిసెంబరు 8న సాగర్‌కు వెళ్లాం. నేను అన్నం డబ్బాలతో ఒడ్డున కూర్చున్నాను. పన్నెండున్నరకు గాలి తిరిగింది. ఒక అల పక్కనుంచి అంచు దాటి లోపల పడింది. రెండోదానికి పడవ బోల్తా కొట్టి, చూస్తుండగానే మునిగిపోయింది. లైఫ్ జాకెట్ ఉండబట్టి చేపలు పట్టేవాళ్లు వచ్చేదాకా వాడు తేలుతూ ఉన్నాడు. తిరగబడ్డప్పుడే వాడి కుడి భుజం కీలు తప్పింది.

దవాఖానలో నా మొహం చూసి, "ఏడ్వకే అక్కా, పార్కింగ్ల మాత్రం సరిగ్గ పట్టింది గదా" అన్నాడు. ఎత్తిపొడవడానికి కాదు, నన్ను నవ్వించడానికే. తిట్టి ఉంటే తేలికపడేదాన్ని. నెలలు గడిచినా ఆ చెయ్యి భుజం దాటి లేవడం లేదు. దువ్వెన ఎడమచేత్తో పట్టుకుంటున్నాడు.

పోయినవి: పడవ, తెడ్లు రెండు, వాడి కళ్లజోడు, కుడిచేతి సత్తువ, ఇక తెడ్డు వేయడం.

నావి ఏవీ పోలేదు.